పిన్ని గదిలో దీపం

బాబాయి మరిచిపోయాడా, కావాలనే చేశాడా అన్నది నాకింకా తెలియదు.

ఆయన బడిలో సైన్సు ప్రయోగశాల చూసుకునేవాడు. ఇంట్లో పడకగది కిటికీ పక్కన పెట్టెలో ఏటా గొంగళిపురుగులను పెంచేవాడు. పగళ్ళు కురచవుతుంటే, ఆ వెలుతురును బట్టే అవి చలి రాబోతోందని పసిగడతాయి. ప్యూపాలుగా మారి, చలికాలం పోయేదాకా నిద్రపోతాయి. అందుకే పొద్దుగుంకాక ఆ గదిలో దీపం వెలిగించనిచ్చేవాడు కాదు.

ఆ ఏడు పిన్ని మంచం పట్టింది. చీకటికి భయపడుతోందని సాయంత్రాలు ఆ గదిలోనే దీపం పెట్టాడు. పెట్టెను మాత్రం పక్కగదికి మార్చలేదు. పురుగులు ఇంకా పొడుగు పగళ్ళే అనుకున్నాయి. నడిచలిలో, బయట ఒక్క పువ్వూ లేనప్పుడు, పదకొండు సీతాకోకచిలుకలు రెక్కలు విప్పాయి.

"అందరికీ పాఠాలు చెబుతారు, మీకే తెలీలేదా?" అని పిన్ని నవ్వింది. "పోనీలెండి. చలి పోయేదాకా నేనాగలేనని వాటికెవరు చెప్పారో!"

బాబాయి దూదిని చక్కెరనీళ్ళలో ముంచి వాటికి పట్టాడు. వారంలో అన్నీ రాలిపోయాయి. మరో నాలుగు రోజులకు పిన్ని పోయింది.

ఆయన ఇల్లు ఖాళీ చేసే రోజు సామాను కడుతూ, "నిజం చెప్పు బాబాయ్, మరిచిపోయావా?" అని అడిగాను.

ఆయన సంచి భుజాన వేసుకుని మెట్లు దిగి వెళ్ళిపోయాడు.