పద్నాలుగు పిడికిళ్లు

శనివారం వచ్చిందంటే ఆరోగ్యమ్మను ఇంట్లో పట్టుకోవడం ఎవరి తరమూ కాదు. పొద్దున ఏడింటికల్లా తలకి నూనె రాసుకుని, ఉన్నవాటిలో మంచి చీర కట్టుకుని, చంకన సంచీ, చేతిలో టీ గ్లాసు, నోటుపుస్తకం పట్టుకుని బయలుదేరేది. ముప్పై నాలుగిళ్లు తిరగాలి. మామూలు మనిషికి రెండు గంటల పని. ఆమెకి సాయంత్రం అయిదయ్యేది. ఎందుకయ్యేదంటే, ఆవిడ గుమ్మంలో నిలబడి బియ్యం పట్టుకుపోయే రకం కాదు. ఎవరూ రమ్మనకపోయినా లోపలికొచ్చి, ఎవరూ వెయ్యకపోయినా పీట వేసుకుని కూర్చునేది. కోడలి కాన్పు సంగతి, గేదె చూడి సంగతి, మొన్న పంచాయితీలో ఎవరు ఎవరి మీద లేచారో ఆ సంగతి, అన్నీ తేలితే గానీ లేచేది కాదు. కొందరు విసుక్కునేవాళ్లు కూడా. విసుక్కోనీ, ఆమెకేం?

రొంపిచెర్ల అవతల ఊరు వాళ్లది. ఆమె చేసేది పిడికిలి బ్యాంకు పని. నరసరావుపేటలో ఒక పాత పత్తి గోడౌనులో ఉంటుంది ఆ బ్యాంకు. బోర్డు మీద ఆహార నిధి అనీ, ఇంకేదో అనీ పొడుగాటి పేరుంది గానీ దాన్ని చదివిన పాపాన ఎవరూ పోలేదు. మిల్లులవాళ్లు నూకలిస్తారు, కిరాణా కొట్లవాళ్లు కందిపప్పు ఇస్తారు, కల్యాణ మండపాల్లో మిగిలిన అన్నం, కూరలు ఆ పూటకాపూట వ్యానులో వెళ్లిపోతాయి. ఎన్ని వచ్చినా దాని ప్రాణం మాత్రం పిడికిలి బియ్యమే. చేరిన ప్రతి ఇంటికీ ఒక మూత డబ్బా ఇస్తారు. ఎసరు పెట్టిన ప్రతిసారీ ఆ ఇల్లాలు పిడికెడు బియ్యం అందులో వెయ్యాలి. రెండు పూటలా వండితే వారానికి పద్నాలుగు పిడికిళ్లు. శనివారం ఎవరో ఒకరు తిరిగి ఎత్తుకురావాలి. ముప్పై ఊళ్లలో ఇదే పద్ధతి.

ఇందులో ఉన్న అసలు కిటుకు కనిపెట్టింది మాత్రం ఆరోగ్యమ్మే. డబ్బాలో తొమ్మిది పిడికిళ్లే ఉన్నాయంటే ఆ ఇంట్లో అయిదు పూటలు ఎసరు పడలేదని కదా అర్థం! ఆకలేస్తోందని నోరు తెరిచి చెప్పే మనిషి పల్నాడులో ఎక్కడున్నాడు? చావనైనా చస్తాడు గానీ చెప్పడు. డబ్బా చెబుతుంది. టీ గ్లాసుతో కొలిచి, ఎన్ని పిడికిళ్లో లెక్కకట్టి పుస్తకంలో వేసేది. ఒక్కో ఇల్లాలి చెయ్యి ఒక్కోలా ఉంటుంది కదా అంటే, అదీ ఆమెకి తెలుసు. పక్కింటి హనుమాయమ్మది పెద్ద గుప్పిడి, షారోన్‌ది చంటిపిల్ల గుప్పిడి. శివరాత్రి వారం హిందువుల ఇళ్లలో రెండు తగ్గుతాయి, ఇంటిల్లిపాదీ కోటప్పకొండ తిరనాళ్లకి పోతే నాలుగు తగ్గుతాయి, కంగారు పడొద్దు అని బ్యాంకు నడిపే ఫర్జానాకి నేర్పింది కూడా ఆమే.

ఆ హనుమాయమ్మ మొగుడు గోపాలకృష్ణయ్య ఊళ్లో పెద్ద నోరున్న మనిషి. ఏ పార్టీ మీటింగైనా ముందు వరస కుర్చీ ఆయనదే. మూడేళ్ల కిందట మిరప దెబ్బతిన్న ఏడు వాళ్ల డబ్బాలో పిడికిళ్లు పన్నెండయ్యాయి, తర్వాత ఎనిమిది, ఆ తర్వాత అయిదు. ఆరోగ్యమ్మ ఒక్క ముక్క అడగలేదు. పీట వేసుకుని గేదె సంగతి మాట్లాడి వచ్చేసింది. మర్నాడు తెల్లారేసరికి వాళ్ల పెరటి గుమ్మంలో పాతిక కిలోల బస్తా, రెండు కిలోల పప్పు ఉన్నాయి. ఎవరు పెట్టారని వాళ్లు అడగలేదు, ఈమె చెప్పలేదు. నాలుగు నెలలు అలాగే నడిచింది.

బ్యాంకుకి రెండు కట్టుబాట్లున్నాయి. బియ్యం ఎవరికి వెళ్తున్నాయో బయటికి పొక్కకూడదు. పుస్తకం రాసే మనిషి పుచ్చుకునే మనిషి కాకూడదు. ఈ రెండోది ఆరోగ్యమ్మ పట్టుబట్టి పెట్టించింది. వేరే ఊళ్లో పుస్తకం రాసే ఆవిడ పుచ్చుకునేవాళ్ల జాబితాలో వరసగా ముగ్గురు మరుదుల పేర్లు, చివర తన పేరు ఎక్కించుకుందని తెలిసి, నరసరావుపేట మీటింగులో లేచి నిలబడి కడిగేసింది. పుచ్చుకోవాల్సొస్తే పుస్తకం కింద పెట్టి పుచ్చుకోవాలి అంది. ముప్పై ఊళ్లవాళ్లూ చప్పట్లు కొట్టారు.

ఇంతాచేసి ఆమె ఇంట్లో మాట్లాడే దిక్కు లేదు. మొగుడు ఏసోబు దాచేపల్లి వైపు సిమెంటు లారీలకి బస్తాలెత్తే ఎగుమతి పని చేసి, ఊపిరితిత్తులు పాడై పోయాడు. పదేళ్లయింది. పిల్లలు పుట్టలేదు. ఆయన పోయిన కొత్తలో రెండేసి రోజులు నోట్లోంచి మాటే వచ్చేది కాదు ఆమెకి, ఎవరితో మాట్లాడాలి గనక! ఒకసారి కోడిని అదిలించబోతే గొంతు బొంగురుగా పలికి తనకే భయమేసింది. ఆ తర్వాత రెండేళ్లకి ఈ డబ్బాలొచ్చాయి, శనివారాలొచ్చాయి. ఆదివారం చర్చి గుడికెళ్లినా అక్కడ పాటలు, ప్రార్థనే గానీ కబుర్లెక్కడ? వారం మొత్తంలో ఆమె మనిషిగా బతికేది ఆ ఒక్క రోజే. మిగిలిన ఆరు రోజులూ దాని కోసం ఎదురుచూసేది.

నిరుడు వానాకాలం నుంచి రోజులు తిరగబడ్డాయి. ముప్పై ఏళ్లు పత్తి తీసి, మిరపకాయలు కోసి వేలిగీతలు అరిగిపోయాయేమో, వేలిముద్రల మిషను ఆమె వేలిని గుర్తుపట్టడం మానేసింది. రేషను బియ్యం ఆగాయి, పింఛనూ ఆగింది. కాగితాలు పైకి పోయాయన్నారు, ఇంకా రాలేదు. మోకాళ్లు చేలోకి పోనివ్వవు. కూర్చుని మిరపకాయల తొడిమలైనా తీద్దామంటే ఈ ఏడు తామర పురుగొచ్చి సగం చేలు దున్నేశారు. వంట రెండు పూటల నుంచి ఒక పూటకొచ్చింది, తర్వాత రోజు మార్చి రోజుకొచ్చింది.

ఆమె డబ్బా మాత్రం ప్రతి శనివారం నిండుగా ఉండేది. ఎసరు పెట్టినా పెట్టకపోయినా పొద్దునొక పిడికెడు, సాయంత్రమొక పిడికెడు తీసి అందులో వేసేది. వేసేటప్పుడు ప్రాణం ఉసూరుమనేది, అయినా వేసేది. ఆ పద్నాలుగూ వండుకు తింటే మూడు రోజులు గడిచేవి కదా, పిచ్చి మనిషి! కానీ డబ్బా తగ్గితే పేరు ఎక్కాలి. పేరు ఎక్కితే పుస్తకం దిగాలి. పుస్తకం దిగితే శనివారం ఆమెను ఎవరు గుమ్మం ఎక్కనిస్తారు, ఏమని ఎక్కుతుంది? అందుకని పుస్తకంలో అందరి లెక్కా వేశాక, ఆఖరి వరసలో తన పేరెదురుగా డబ్బా కూడా చూడకుండా పద్నాలుగు వేసుకునేది.

విభూది బుధవారం వచ్చి క్రైస్తవుల నలభై రోజుల ఉపవాస దినాలు మొదలయ్యేసరికి ఆమెకి కాస్త ఊపిరాడింది. ఏంది ఆరోగ్యం, ఇట్టా చిక్కిపోయావ్ అని ఎవరన్నా అంటే, తపస్సు కాలం కదమ్మా, ఒక్క పూటే తింటున్నా అనేది. టీ ఇవ్వబోతే వద్దనేది. భక్తి అంటే ఆరోగ్యమ్మదే అని మెచ్చుకున్నారు కూడా.

ఆ కాలంలో రెండో శనివారం వ్యాను ఆలస్యంగా వచ్చింది. ఎప్పుడూ అయిదింటికొచ్చే ఫర్జానా ఆ రోజు పొద్దుగూకే వేళకి దిగింది. నలభై అయిదేళ్ల మనిషి, ఒకప్పుడు టీచరు. అవి రంజాను రోజులు కూడా కావడంతో ఆమె కూడా పొద్దుటి నుంచి పచ్చి మంచినీళ్లు ముట్టలేదు. డ్రైవరు బస్తాలు ఎక్కిస్తుంటే ఆరోగ్యమ్మ వసారాలో కూర్చుని పుస్తకం చూస్తోంది. ఇంతలో ఉపవాసం విడిచే వేళైందని ఫోన్లో అజాన్ వినిపించింది. బ్యాగులోంచి మూడు ఖర్జూరాలు తీసి, పిన్నీ, కాసిని మంచినీళ్లివ్వు, ఇంట్లో ఏదన్నా తినేది ఉంటే అదీ పెట్టు, ఇంటికి పోయేసరికి రాత్రయ్యేట్టుంది అంది.

ఆరోగ్యమ్మ నీళ్లయితే తెచ్చింది. తినడానికేం తెస్తుంది? రోజంతా ఉపవాసమున్న మనిషి నోరు తెరిచి అడిగితే పెట్టడానికి ఇంట్లో బెల్లం ముక్క లేదు. ఏసోబు బతికుండగా ఆ గుమ్మంలోంచి ఎవరూ ఉత్త కడుపుతో పోలేదు. సిగ్గుతో ఆమెకి చచ్చిపోవాలనిపించింది. ఇప్పుడే అయిపోయినయ్యమ్మా అంది, ఏమి అయిపోయాయో చెప్పకుండానే. ఫర్జానా ఒక ఖర్జూరం తను నోట్లో వేసుకుని, రెండు ఆమె చేతిలో పెట్టింది. ఆరోగ్యమ్మ వాటిని తిన్న తీరు ఫర్జానా చూసింది. గింజలు కూడా చప్పరించి చప్పరించి గానీ పారెయ్యలేదు.

ఫర్జానా గ్లాసు కడుగుతానని లోపలికి వెళ్లింది. పొయ్యి గట్టు పొడిగా ఉంది. గిన్నెలన్నీ బోర్లించి ఉన్నాయి. బియ్యం డబ్బా మూత తీస్తే అడుగున తవుడు తప్ప గింజ లేదు. బయటికొచ్చి మళ్లీ పుస్తకం తీసింది. పిచ్చమ్మ పేరెదురుగా ఏడు అని వేసి, పక్కన ఆరోగ్యమ్మ చేతిరాతే, ‘ఉపవాసం, కంగారు పడొద్దు’ అని ఉంది. పిచ్చమ్మ కూడా ఒంటరి మనిషే, ఈ తపస్సు కాలమంతా ఒక్క పూటే వండుతుంది. ఆఖరి వరసలో ఆరోగ్యమ్మ, పద్నాలుగు.

"నువ్వూ రోజుకి ఒక్క పూటేగా పిన్నీ?"

"అవునమ్మా. విభూది బుధవారం నుంచీ."

"మరి పద్నాలుగు పిడికిళ్లు ఎట్టా వచ్చినయ్?"

ముప్పై నాలుగిళ్ల ఆకలిని గ్లాసుతో కొలిచిన మనిషి తన ఒక్క వరస దగ్గర దొరికిపోయింది. ఏడవలేదు. వసారా స్తంభానికి ఆనుకుని మెల్లగా కూలబడింది. ఎన్నాళ్ల నుంచి అని ఫర్జానా అడిగితే, కార్తీకం నుంచి అంది. ఈ వారం నిజంగా ఎన్నిసార్లు ఎసరు పెట్టావంటే మూడు వేళ్లు చూపించింది.

ఫర్జానాకి కోపమొచ్చింది, ఏడుపూ వచ్చింది. ముప్పై ఊళ్లకి బియ్యం పంపేదాన్ని, నాకు చెప్పడానికి నీకేమొచ్చింది అని తిట్టింది. రేపే బస్తా దింపిస్తానంది. ఆరోగ్యమ్మ తల అడ్డంగా ఊపింది.

"పుచ్చుకుంటే నా శనోరం పోద్ది కదమ్మా."

ఫర్జానాకి ముందు అర్థం కాలేదు. అర్థమయ్యాక పుస్తకం మూసేసింది. ఆ రెండో కట్టుబాటు తీసేద్దాం పిన్నీ అంది. అందరికీ నేను చెబుతాను, నీ సంగతి వేరు అంది. ఆశ పడిందా ఆరోగ్యమ్మ? పడింది. అబద్ధమెందుకు, ఒక్క క్షణం ఆమె మొహం వెలిగింది కూడా. వెంటనే ఆరిపోయింది.

"వద్దు తల్లీ. నా ఒక్కదాని కోసం తీస్తే రేపు అందరూ తీయమంటారు. అదీగాక నేను దొంగ లెక్క రాశా. ఇంక నేను తొమ్మిదంటే తొమ్మిదని నువ్వు నమ్మగలవా? ఎవురింటోనో పిల్లలు పస్తుంటారు, నేను తప్పు రాశాననుకుని నువ్వు ఊరుకుంటావ్. తిరుపతమ్మకియ్యి. పొదుపు సంఘం నడుపుతుంది, నిక్కచ్చి మనిషి."

పుస్తకం అందుకుని, పద్నాలుగు కొట్టేసి, తన చేత్తోనే మూడు వేసింది. పుస్తకం, టీ గ్లాసు ఫర్జానా ఒళ్లో పెట్టింది.

మర్నాడు తెల్లవారకముందే పెరటి గుమ్మంలో బస్తా ఉంది, పప్పు ఉంది, నూనె ప్యాకెట్టు కూడా ఉంది. ఆరోగ్యమ్మ ఆ రోజు నుంచి రోజూ ఒక పూట వండుకుంది. పిడికెడు తీసి డబ్బాలో వేసి, మిగతాది వండుకుని తిని, ఉపవాసం ఉపవాసంలానే చేసింది. ఒంట్లోకి సత్తువ వచ్చింది. మోకాళ్లు కూడా కాస్త మాట విన్నట్టనిపించింది.

తర్వాతి శనివారం పొద్దున ఏడింటికి తలకి నూనె రాసుకుంది. మంచి చీర కట్టుకుంది. వసారాలో రెండు పీటలు వేసి, టీకి నీళ్లు పెట్టింది.

తిరుపతమ్మ పదిన్నరకి వచ్చింది. గుమ్మం బయటే నిలబడి, అక్కా, డబ్బా తీసుకురా అంది. గ్లాసుతో కొలిచింది, ఆరు అంది, పుస్తకంలో వేసింది. లెక్క సరిగ్గానే కట్టింది, ఆరోగ్యమ్మ పిడికిలి ఎంతో ఎవరో చెప్పే ఉంటారు. బియ్యం సరిపోతున్నాయా అని గొంతు తగ్గించి అడిగింది. సరిపోతున్నాయంది ఆరోగ్యమ్మ.

"కూసో తిరుపతమ్మా, టీ తాగి పోదువు గాని."

"ఇంకా ఇరవై ఇళ్లున్నయ్యక్కా, ఎండెక్కుద్ది. మళ్లొస్తాలే."

ఆమె తప్పేం లేదు. బియ్యం ఎత్తుకోవడానికొచ్చిన మనిషి ఎత్తుకుని పోతుంది. పక్కింటి గేటు చప్పుడైంది. ఆరోగ్యమ్మ ఏదీ, ఇవాళ రాలేదే అని హనుమాయమ్మ గొంతు. ఒంట్లో బాగోలేదంట అని తిరుపతమ్మ జవాబు. బయటికి పొక్కకూడదు కదా, ఇంకేం చెబుతుంది? అయ్యో అంది హనుమాయమ్మ. మళ్లీ గేటు చప్పుడైంది. ఆ పై ఇంటి తలుపు, ఆ పైది, అలా మాటలు వీధి చివరికి పోయి వినపడకుండా పోయాయి.

టీ తనే తాగింది. వంట చేసుకుంది, పిడికెడు తీసి పెట్టి. వేడన్నంలో పప్పు కలుపుకుని, అడిగేవాళ్లెవరూ లేకపోయినా రెండోసారి వడ్డించుకుని, కడుపు నిండా తింది. ముద్ద మధ్యలో ఒకసారి ఏడుపొచ్చింది, మింగేసింది. కంచం కడిగింది. గిన్నెలు తోమి బోర్లించింది. వసారా ఊడ్చింది. రెండో పీట తీసి లోపల పెట్టింది. ఇంక చెయ్యడానికి ఏమీ కనపడలేదు. గోడ గడియారం చూస్తే పన్నెండుంబావు. శనివారం ఇంత పొడుగుంటుందని ఆమెకి ఇన్నాళ్లూ తెలియదు.