నెంబరివ్వని ఒప్పందం

ఒక మంగళవారం, పొద్దున సరిగ్గా పదకొండు గంటలకు, మేడ్చల్ దగ్గరి మా స్టేషన్‌లో, స్టేషన్ మాస్టర్ గదిలో కూర్చుని నేను యూనియన్ పరువు తీశాను. అప్పటికి నేను సీనియర్ పాయింట్స్‌మన్‌ని, ట్రాఫిక్ సిబ్బంది యూనియన్ బ్రాంచికి అధ్యక్షుణ్ని. ఆ పదవి నాకు తెలివి చూసి ఇవ్వలేదు, గొంతు చూసి ఇచ్చారు. మైకు కిరాయి మిగులుతుందని సభ్యులు నా ముఖం మీదే అన్నారు.

ట్రాఫిక్ సిబ్బంది అంటే రైళ్లు నడిపేవాళ్లు కాదు, పంపేవాళ్లు. ఏ బండి ముందు పోవాలి, ఏది ఆగాలి అన్నది కంట్రోల్ ఆఫీసులో కూర్చుని సెక్షన్ కంట్రోలర్ చెబుతాడు. ఫోన్లో ఆ మాట విని స్టేషన్ మాస్టర్ అమలు చేస్తాడు. పట్టాలు మార్చేదీ గేటు మూసేదీ మాలాంటివాళ్లం.

మా సెక్షన్ కంట్రోలర్ సునీత. ఒక్కో సెక్షన్ రైళ్లకు ఒక్కో బోర్డు; పక్క బోర్డు చూసే ఆయన రిటైరైతే ఆ సెక్షన్ కూడా ఆమెకే అంటగట్టారు. లేచి బాత్రూంకు పోయే సందు లేక ఆమె డ్యూటీలో నీళ్లు తాగడం మానేసింది. కిడ్నీలో రాయి పడింది. ఇట్లాగే ఉంటే ఆపరేషన్ తప్పదని డాక్టరు చెప్పాడు. పగలూ రాత్రీ షిఫ్టుల్లో ఆమె దగ్గర ఒక బోర్డు అందుకునే రిలీఫ్ కంట్రోలర్‌ని వేయించడమే ఆ రోజు మా పని. ఆపరేటింగ్ విభాగం పెద్దసారు తనిఖీకి వస్తున్నాడని తెలిసి నేనూ, మా కార్యదర్శి, మచ్చ బొల్లారంవాడు జేమ్సూ కాచుకుని ఉన్నాం.

లోపలికి పోయే ముందు జేమ్స్ నన్ను పక్కకు లాగాడు. "అన్నా, గట్టిగ మాట్లాడు గని తక్వ మాట్లాడు."

"నాకే జెప్తున్నవారా? నువ్వు పుట్టకముందుకెల్లి గీ జెండా పట్టుకున్నోణ్ని."

మా పద్ధతి ఒకటి ఇక్కడ చెప్పాలి. ఫోన్లో ఆదేశం వస్తే, విన్నవాడు దాన్ని మాట పోకుండా తిరిగి చెప్పాలి. తర్వాత తన దగ్గరి షీటులోంచి రెండంకెల నెంబరు ఒకటి చెప్పాలి. దాన్ని ప్రైవేట్ నెంబర్ అంటారు. తిరిగి చెప్పడమంటే విన్నానని, నెంబరిస్తేనే ఖాయమైనట్టు. నాకు ముప్పై దాటేదాకా అంకెలే వచ్చు, అక్షరాలు రావు. గేటు దగ్గర పనిచేసిన ఆ రోజుల్లో రాసుకోలేని లోటును నోటితో పూడ్చుకునేవాణ్ని. ఎవరేం చెప్పినా తిరిగి అప్పజెబితే తప్ప నా బుర్రలోకి దిగదు. ఇంట్లో ఉల్లిగడ్డలు తెమ్మన్నా అంతే. "నెంబర్ గూడ జెప్పిపో" అని మా ఆవిడ ఎగతాళి చేసేది.

పెద్దసారు మర్యాదస్తుడు. చాయ్ తెప్పించాడు, మా కష్టమంతా విన్నాడు. విని, "కొత్త పోస్టులు మంజూరయ్యేదాకా ఆగండి. అప్పటివరకు సునీతగారే రెండు బోర్డులూ చూస్తారు" అన్నాడు.

నా నోరు నన్ను అడగలేదు. "కొత్త పోస్టులు మంజూరయ్యేదాంక ఆగుతం సార్. అప్పటిదాంక సునీతనే రెండు బోర్డులు సూస్తది."

"థాంక్స్ ప్రెసిడెంట్ గారూ" అని ఆయన స్టెనో వైపు తిరిగాడు. "యూనియన్ ఒప్పుకుంది, రాసుకోండమ్మా."

జేమ్స్ నా కాలు తొక్కాడు, కానీ అప్పటికే ఆలస్యమైంది. కాదు సార్, అది నా అలవాటు అని నేను నసుగుతుంటే, అధ్యక్షులే అన్నాక ఇంకేముందని ఆయన లేచాడు.

అప్పుడు బల్ల మీద కంట్రోల్ ఫోన్ స్పీకరు మాట్లాడింది. పెద్దసారు వచ్చిన హడావుడిలో స్టేషన్ మాస్టర్ ఆ లైను కట్ చేయడం మరిచాడు. మా మాటలన్నీ సునీత తన బోర్డు దగ్గర వింటూనే ఉంది.

"కొమురన్నా, రిపీట్ అయితే మస్తు జేసినవ్. నెంబరిచ్చినవా?"

"ఇయ్యలే బిడ్డా."

"నెంబర్ ఇయ్యకుంట బండి కదుల్తదా?"

"కదలది."

పెద్దసారు కూడా స్టేషన్ మాస్టర్‌గా మొదలై పైకి వచ్చినవాడే. ఆ నియమాన్ని కాదంటే తన ఉద్యోగాన్నే కాదన్నట్టు. మళ్లీ కూర్చున్నాడు. "మరి నెంబరు ఎప్పుడిస్తారమ్మా?"

"రిలీఫ్ ఇస్తే ఇస్తడు సార్. గూడ్స్ వస్తాంది, జర జల్దీ జెప్పండి."

సెలవు పెట్టినవాళ్ల బదులు పంపడానికి ఉంచుకున్న మనుషుల్లోంచి ఒకరిని సోమవారం నుంచి పగటి షిఫ్టుకు పంపుతానని, రాత్రికి మాత్రం పోస్టులు రావాల్సిందేనని ఆయన అన్నాడు. ఈసారి ముందు జేమ్స్ ముఖం చూశాను. అతను తలూపాక తిరిగి చెప్పాను, నా షీటులోంచి నెంబరిచ్చాను. "మీ నెంబర్ సార్?" అనీ అడిగాను. తన దగ్గర షీటు లేదు కనుక ఆయన తన కారు నెంబరులో చివరి రెండంకెలు చెప్పాడు. స్టెనో అవీ రాసుకుంది.

సోమవారం మనిషి వచ్చాడు. సునీత పగలు నీళ్లు తాగింది, ఆపరేషన్ దాకా పోలేదు. రాత్రి షిఫ్టుకు మనిషి నా తర్వాతి అధ్యక్షుడి కాలంలో గాని రాలేదు. అతనిది చాలా చిన్న గొంతు.

నేను నేర్చుకున్నది ఇంతే: పట్టాల దగ్గర ప్రాణం కాపాడే అలవాటు బేరం దగ్గర మెడకు చుట్టుకుంటుంది. అక్కడికి పోయేవాడు విన్నది మింగి కూర్చోవాలి. చేతకాకపోతే గొంతున్నవాణ్ని ఇంట్లో వదిలిపెట్టి పోవాలి.

ఆ రోజు ఆ గదిలో ఉన్నవాళ్లం: పెద్దసారు శ్రీధర్, స్టెనో రమణమ్మ, స్టేషన్ మాస్టర్ ప్రభాకర్, కార్యదర్శి జేమ్స్, అధ్యక్షుడు కొమురయ్య అనే నేను. యూనియన్ తరఫున మాట్లాడింది, గదిలో లేని సునీత.