పలక ముక్కల అలుగు

"మా పాపకు చెవుడేమో అవ్వా."

నా పేరు, వచ్చిన పని చెప్పకముందే నోటి నుంచి వచ్చేసిన మాట అది. పలకల కార్ఖానా వెనక రేకుల పంచలో కూర్చున్న ముసలామె మా అనసూయను "నీ పేరేంది తల్లీ?" అని అడిగింది. మూడేళ్లు నిండబోతున్న పిల్ల ఆమె వైపైనా చూడలేదు. సంజాయిషీ చెప్పుకోవాలనిపించి నేనే మాట్లాడాను.

రాజధాని కర్నూలు నుంచి హైదరాబాదుకు తరలిన మరుసటి ఏడు అది. నేను మార్కాపురం హైస్కూల్లో సైన్సు చెబుతున్నాను. ఇంట్లో మాత్రం ఆరు నెలలుగా ఒకటే ప్రయోగం. పాప వెనక నిలబడి చప్పట్లు కొట్టడం, పళ్లెం మోగించడం, తిరిగిందో లేదో పుస్తకంలో రాసుకోవడం. మొదట్లో తిరిగేది. రానురాను మానేసింది. వినికిడి తగ్గిపోతోందని నిర్ధారణకు వచ్చాను. పాపకు ఇంకా మాట రాలేదు. వినపడని పిల్లకు ఎలా వస్తుంది? కనీసం రాతైనా నేర్పుదామని పలక కొనడానికి వచ్చాను. మంచిది కావాలంటే వెనక చెంచమ్మను అడగమన్నాడు గుమాస్తా.

చెంచమ్మది పుల్లలచెరువు అవతల అడవి అంచు పల్లె. పెళ్లయి మార్కాపురం వచ్చినప్పటి నుంచి ఆ పంచలోనే పలకలు ఏరుతోంది. చట్రం బిగించకముందే ఒక్కొక్క పలకను చెవి దగ్గర పెట్టుకుని వేలి కణుపుతో ఒక్కసారి తడుతుంది. ఖంగుమంటే మంచిది. మొద్దుగా పలికితే లోపల కంటికి కనపడని బీట ఉన్నట్టు.

"తీసేసిన వాటిని ఏం చేస్తారు?" అన్నాను, మాట మార్చడానికి.

"ఆ గుట్టలో పోస్తారు. పగిలినవాట్లో మంచి ముక్కలు నేను ఇంటికి మోసుకుపోతా. ఇల్లంతా రాళ్లేనని మా కోడలు తిడతాది. చూస్తావా? మా ఇంటి గోడకే పెట్టినా."

గుట్ట పక్కనే ఆమె ఇల్లు. మూల తిరగగానే నా కాళ్లు ఆగిపోయాయి. మట్టిగోడ మీద ఈ చివర నుంచి వాకిలి దాకా ఒక అలుగు, చీమలు తినే పొలుసుల జంతువు, నడుస్తోంది. పలక ముక్కల అంచులు కొట్టి పొలుసులు చేసి, ఒకదాన్ని ఇంకొకటి సగం కప్పేటట్టు తడిమట్టిలో గుచ్చింది. తల మీద గోరంత పొలుసులు, నడుము మీద అరచేయంత, తోక కొసకు మళ్లీ సన్నం. మబ్బు తొలగి ఎండ పడితే వెలుగు పొలుసు పొలుసుకూ పాకింది. జంతువు ఊపిరి తీసినట్టే ఉంది. కాలేజీలో గడ్డి కూరిన అలుగును ముందు పెట్టుకుని నేను బొమ్మ గీశాను. ఒక వరుస పొలుసులు పై వరుస సందుల్లోకి రావాలి. నా బొమ్మలో తప్పింది. ఈ గోడ మీద ఎక్కడా తప్పలేదు.

"నిజం అలుగును ఎన్నిసార్లు చూశావవ్వా?"

"ఒక్కసారే. నాకు ఏడేండ్లు. మా నాయనతో తేనెకు పోయినప్పుడు. మమ్మల్ని చూసి ఉండ చుట్టుకున్యాది. కదలబాకు అన్నాడు మా నాయన. శానాసేపు కూచున్నాం. మెల్లగా విప్పుకుని దాని దారిన అది పోయింది."

నేనైతే కర్రతో కదిపేవాణ్ణి.

"వానకు ఊడిపోవా?"

"మోగే ముక్కలే పెట్టినా. బీట ఉంటే నీళ్లు దిగి రాలిపోతాయి." నడుము మీది పొలుసును కణుపుతో తట్టింది. సన్నని మోత సాగి సాగి అణిగింది.

పాప అప్పటిదాకా మాకు వీపు పెట్టి గుట్టలో ముక్కలు ఏరుకుంటోంది. ఆ మోత అణగకముందే తల తిప్పింది.

నా చేతులు వాటంతటవే చప్పట్లకు లేచాయి. చెంచమ్మ నా మణికట్టు పట్టుకుంది. "కొట్టబాకు. ఉండు."

పాప వచ్చింది. అలుగు కాలి దగ్గర పొలుసును వేలితో తట్టి, చెవి ఆనించి నిలబడింది. తరవాత ఇంకొకటి. నేను చెంచమ్మ పక్కన కూర్చున్నాను. నా ప్రయోగం సంగతంతా చెప్పాను.

"రోజుకు ఎన్నిసార్లు?"

"ఇరవై, ముప్పై."

చెంచమ్మ బోసినోటితో నవ్వింది. "ఈపు ఎనక అట్ల కొడితే నేనూ తిరగను అయ్యవారూ. మా ఆయన కేకలకు తిరగడం మానుకుని ఇరవై ఏండ్లయింది. నాకు చెవుడని ఊరంతా చెప్పుకున్యాడు పాపం."

"మరి మాటో?"

"మాట ఎప్పుడొస్తాదో నాకేం తెలుసు నాయనా. వినపడతాది. నేను చెప్పగలిగింది అంతే."

ఆ రోజు తరవాత నా పుస్తకంలో ఏమీ రాయలేదు. ఇప్పుడు ఒక్కసారి పిలుస్తాను. ఇంకోసారి పిలవబోయే నోటిని బలవంతాన మూసుకుంటాను. ఒక్కోరోజు తిరుగుతుంది, ఒక్కోరోజు తిరగదు. అయినా, పలక చేతికిస్తూ చెంచమ్మ చెప్పిన మాట తప్పడం లేదు:

"ఒక్కసారే తట్టాల. మోత అణిగిందాకా ఉండాల. మధ్యలో ఇంకోటి కొడితే మొదటిదానికి పలక ఏం చెప్పిందో తెలీదు. బిడ్డనూ అంతే. పిలువు, పిలిచి ఊరకుండు."