కిందికి దిగితే గోల్ నాదే

జర్మనీలో కార్ల్స్‌రూహె అనే ఊళ్ళో చదువుకున్న రోజుల్లో నేను యూనివర్సిటీ ఆడపిల్లల ఫుట్‌బాల్ టీములో ఉన్నాను. ఉన్నాను అనే అనాలి, ఆడాను అంటే అబద్ధం. రెండో గోల్‌కీపర్‌ని. మొదటి గోల్‌కీపర్ జలుబు కూడా చేయని జర్మన్ పిల్ల. కాబట్టి నా చోటు బెంచీ. జాకెట్టు మడిచి కింద వేసుకోవడం, ఫ్లాస్కులో టీ ఎవరికీ కనపడకుండా తాగడం, మనవాళ్ళు గోల్ వేసినప్పుడు అందరికంటే అర క్షణం ఆలస్యంగా లేవడం, ఇవన్నీ అక్కడే నేర్చుకున్నాను. గోల్ నా చేతికి రాకపోయినా గోల మాత్రం బాగా చేసేదాన్ని.

నన్ను ఆ టీములోకి లాక్కెళ్ళింది నా రూమ్మేట్. నిజామాబాద్ పిల్ల. బడిలో చదివేటప్పటి నుంచీ ఆడుతోంది. నేను విజయవాడ దాన్ని, పీటీ పీరియడ్‌లో నీడ ఎక్కడుందో వెతుక్కున్న రకం. ఇద్దరికీ చెరో గది, వంటిల్లు ఒకటే. ఇంట్లో దిగిన కొత్తలో నన్ను కిందినుంచి మీదిదాకా చూసి, "ఇంత పొడుగున్నవ్, ఊకె సీలింగుకు దగ్గరుండుడేనా? గోల్ల నిలవడరాదు అక్కా" అంది. నాకంటే ఆర్నెల్లే చిన్న. ఆ "అక్కా" దగ్గరే నా కడుపుమంట మొదలైందనుకుంటాను.

తర్వాత దానికి కారణాలు వెతుక్కోవాల్సిన పని లేకపోయింది. తను బంతిని తంతే పెంపుడు పిల్లిలా చెప్పిన చోటికి వెళ్ళేది. నేను వ్యాకరణం సరిచూసుకుని ఒక జర్మన్ వాక్యం కట్టేలోపు తను తప్పులతోనే గడగడా మాట్లాడి పని చేయించుకొచ్చేది. వీసా ఆఫీసులో నాకు దొరకని టెర్మిన్, అదే అపాయింట్‌మెంట్, తనకి దొరికేది. ఒకే కొట్లో కొన్న కందిపప్పు, ఒకే పొయ్యి, అయినా తను చేసిన పప్పే పప్పులా ఉండేది. నాది పప్పు గురించి ఎవరో చెప్పగా విన్నట్టు ఉండేది.

అంతలో కరోనా వచ్చింది. మైదానాలు మూసేశారు. కొన్నాళ్ళకి ఒకే ఇంటివాళ్ళైతే ఇద్దరు కలిసి ఆడుకోవచ్చన్నారు. టీములో మిగతావాళ్ళు ఒంటరిగా గోడకేసి కొట్టుకుంటుంటే, మేమిద్దరం కాయితాల ప్రకారం ఒకే ఇంటివాళ్ళం. రోజూ సాయంత్రం పార్కులో రెండు జాకెట్లు గుంజల్లా పెట్టి నన్ను మధ్యలో నిలబెట్టేది. తను కొట్టడం, నేను ఆపడం. ముఖంతో ఆపినా ఆపినట్టే లెక్క. నేను మాత్రం ఆ బంతుల్లో తన పప్పునీ, టెర్మిన్‌నీ, గడగడా జర్మన్‌నీ చూసుకునేదాన్ని. అసూయకి కళ్ళు మండడం అందరికీ ఉండేదే, నాకు అరచేతులు మండేవి. ఎండాకాలం వచ్చేసరికి నిజంగానే ఆపడం మొదలుపెట్టాను. చూసినవాళ్ళు లేరు, అదొక్కటే లోటు.

మైదానాలు తెరిచేసరికి మా టీము సగమైంది. క్లాసులన్నీ ఆన్‌లైన్ కావడంతో ఎవరి దేశానికి వాళ్ళు వెళ్ళిపోయారు. జలుబు చేయని గోల్‌కీపర్‌కి డ్రెస్డెన్‌లో ఉద్యోగం వచ్చింది. తొమ్మిదిమందిమి మిగిలాం. కొత్త సీజన్‌కి ఏ డివిజన్‌లో ఆడతారో చెప్పమని లీగువాళ్ళు అడిగారు. మా కెప్టెన్, రాళ్ళ మీద పరిశోధన చేసే జర్మన్ అమ్మాయి, మైదానంలోనే మీటింగు పెట్టింది. మాస్కులు పెట్టుకుని, చేతులు చాచినా తగలనంత దూరంగా గుండ్రంగా నిలబడ్డాం.

"పై డివిజన్‌లో ఉండాలంటే పదకొండుమంది కావాలి" అంది కెప్టెన్. "పక్క పేటలో ఒక టీము మూతపడుతోంది. నలుగురు మనతో వస్తామంటున్నారు, అందులో గోల్‌కీపర్ కూడా ఉంది. కింది డివిజన్‌కైతే వాళ్ళు రారు. అక్కడ తొమ్మిదిమందితో ఆడొచ్చు."

నాకు మిగతాదేమీ వినిపించలేదు. పై డివిజన్ అంటే వాళ్ళ గోల్‌కీపర్, నా బెంచీ. కింది డివిజన్ అంటే గోల్ నాది. నేను బరిలోకి దిగాలంటే టీము కిందికి దిగాలి. చదువులో సెకండ్ డివిజన్ తెచ్చుకున్నందుకు ఇంట్లో వారం రోజులు తిట్లు తిన్నదాన్ని, దాన్ని కోరి తెచ్చుకునే రోజు వస్తుందని అనుకోలేదు.

నా రూమ్మేట్ ముందు మాట్లాడింది. కష్టపడి ఎక్కాం, రోగానికి భయపడి దిగుతామా, నలుగురు ఆడేవాళ్ళు వస్తామంటే తలుపేస్తామా అంది, ఆ తప్పుల జర్మన్‌లోనే. అందరి కళ్ళూ మెరిశాయి. నేను లేచి... అంటే నిలబడే ఉన్నాను, గొంతు లేచింది. వారం వారం ఓడితే కొత్తగా వచ్చేవాళ్ళు పారిపోతారనీ, పరీక్షలున్నాయనీ, వెళ్ళిన మనవాళ్ళు వాళ్ళ దేశాలనుంచి తిరిగొచ్చేదాకా చిన్నగా ఆడుకుందామనీ అన్నాను. అన్నీ సరైన కారణాలే. నా కారణం ఒక్కటే వాటిలో లేదు.

తను గుండ్రానికి అవతలనుంచి తెలుగులో అందుకుంది. "సక్కగ చెప్పరాదు. గోల్ల నిలవడాలె నీకు, గంతే గదా?"

"గంతే" అన్నాను.

"ఏమంటోంది?" అని కెప్టెన్ అడిగింది.

"టీము మేలు గురించి మాట్లాడుకుంటున్నాం" అన్నాను.

పైన ఉండాలనేవాళ్ళు మధ్యగీతకి ఇటు, దిగుదామనేవాళ్ళు అటు నిలబడమంది కెప్టెన్. ఐదుగురం అటు వెళ్ళాం, నలుగురు ఇటు మిగిలారు. తను గీతకి అవతలనుంచే నన్ను చూసి, "నేను వేరే టీము సూస్కుంట" అంది. ఇంటికెళ్ళాక మా వంటింట్లో కూడా రెండు డివిజన్లయ్యాయి. పప్పు ఎవరిది వాళ్ళం వండుకున్నాం. నష్టపోయింది ఎవరో చెప్పక్కర్లేదు.

వేరే టీము చూసుకోలేదు, మొదటి మ్యాచికి వచ్చింది. ట్రామ్ చివరి స్టాపు దగ్గరి ఊరు. అక్కడికెళ్ళాక తెలిసింది, అవతలి టీముకి ఎనిమిదిమందే ఉన్నారు, ఒకమ్మాయి క్వారంటైన్‌లో ఉందట. ఆ డివిజన్‌లో ఒక పద్ధతుంది. అవతల ఎంతమంది ఉంటే ఇవతలా అంతమందే ఆడాలి. మాలో ఒకరు బయట కూర్చోవాలి. నేను అలవాటుకొద్దీ గ్లవ్స్ విప్పడం మొదలుపెట్టాను.

"నువ్వెక్కడికి? గోల్ ఖాళీగా వదిలేద్దామా?" అని కెప్టెన్ నవ్వింది.

నా రూమ్మేట్ ముందుకొచ్చింది. "నేను కూసుంట. దిగుదాం దిగుదామన్నరు గదా, మీరే ఆడుండ్రి." అంటూ నా జాకెట్టు తీసి వేసుకుని, నా బెంచీ మీద, సరిగ్గా నేను కూర్చునే కొసన కూర్చుంది. నా ఫ్లాస్కు మూత తిప్పడం కూడా చూశాను.

అలిగి కూర్చుందనుకున్నాను. పది నిమిషాలు గడవకముందే లేచి నిలబడింది. ఎవరెక్కడ ఉండాలో, బంతి ఎటు వస్తుందో మూడు భాషల్లో అరుస్తోంది. నేను ఇన్నాళ్ళూ ఆ బెంచీ మీద చప్పట్లు కొట్టాను, తను అక్కణ్ణుంచి ఆట నడిపింది. రెండో సగంలో వాళ్ళ పిల్ల ఒకతె మా డిఫెండర్ వెనకాల నక్కింది. నాకు కనపడలేదు.

"అక్కా! ఎడమ దిక్కు!"

పడ్డాను. అరచేతులు మండాయి, పార్కులో మండినట్టే. బంతి బయటికి పోయింది. నా జీవితంలో జనం చూస్తుండగా ఆపిన మొదటి బంతి. లేచి చూసేసరికి కెప్టెన్ నా పక్కనుంచే పరిగెత్తుతూ బొటనవేలెత్తి చూపించింది, బెంచీకి.

మ్యాచిలో ఎవరూ గోల్ వేయలేదు. తిరిగొచ్చేటప్పుడు ట్రామ్‌లో అందరిదీ ఒకటే మాట, తను ఆడుంటే గెలిచేవాళ్ళం అని. అన్నాళ్ళు నేను ఆడలేదు, నా గురించి ఆ మాట ఒక్కరన్నా అనలేదే అనుకున్నాను. తనేమో నా జాకెట్టులోనే ముడుచుకుని నా పక్క సీట్లో కూర్చుంది.

"నా జాకెట్టివ్వు. చలేస్తోంది" అన్నాను.

"ఉండనియ్యక్కా. వచ్చేవారం నేను గోల్లెయ్యాలె, ఒంట్ల వేడుండాలె." కిటికీలోకి చూస్తూ అంది. "ఇంటికి వోయినంక పప్పు నేనే చేస్త. నీది తిని ఆ బంతి ఎట్ల ఆపినవో నాకైతె సమజైతలేదు."