అంచు టోపీ

పోయిన వారం కౌల్ బజారు నుంచి ఇంటికి వస్తూ ఒక బట్టల అంగడి ముందు ఆటో ఆపమన్నాను. కొనవలసిందేమీ లేదు. అద్దం వెనక నిలబెట్టిన బొమ్మకు వెలిసిన జీన్సు తొడిగి, నెత్తిన బూడిదరంగు టోపీ పెట్టారు. చుట్టూ అంచు, ముందు వైపు కాస్త కిందికి వంపు. మా నాయన టోపీ అచ్చం అలాగే ఉండేది. లోపలికి వెళ్ళి దాన్ని చేతిలోకి తీసుకున్నాను. అంగట్లో పిల్ల దగ్గరికొచ్చి "ఎవరికక్కా?" అని అడిగింది. అడగవలసిన ప్రశ్నే. ఊరికే చూస్తున్నానని చెప్పి బయటికి వచ్చేశాను.

ఇప్పుడు టోపీ దొరకడం అంత సులువు. పదిహేనేళ్ళ కిందట ఇదే బళ్ళారిలో ఒక అంచు టోపీ కోసం నేనూ నాయనా ఎన్ని అంగళ్ళు ఎక్కి దిగామో తలచుకుంటే నవ్వొస్తుంది.

నాయన చాలా ఏళ్ళు జీన్సు బట్టలు ఉతికే యూనిట్లో పని చేశాడు. కుట్టి వచ్చిన కొత్త ప్యాంట్లను రాళ్ళతో, మందులతో కలిపి మిషన్లో తిప్పి, మోకాళ్ళ దగ్గర చేత్తో రుద్ది, పదేళ్ళు కట్టి విడిచినట్టు తయారు చేయడం ఆ పని. కొత్త బట్టను పాతది చేసి ఎక్కువ వెలకు అమ్మే లోకాన్ని ఆయన తప్పు పట్టలేదు, మెచ్చుకోనూ లేదు. ఎందుకు కొంటారా అని చివరిదాకా ఆశ్చర్యపడుతూనే ఉండేవాడు. అక్కడ చెడిపోయి పక్కన పడేసినవి మా ఇంటికి వచ్చేవి. ఒక కాలు ముదురు నీలం, ఇంకో కాలు లేత నీలం ఉన్న ప్యాంట్లతోనే ఆయన ఊరంతా తిరిగాడు. ఆదివారం గుడికి మాత్రం తెల్ల పంచె కట్టేవాడు.

అటువంటి మనిషి డెబ్బై దాటిన తర్వాత ఒక ఆదివారం అన్నం తింటూ, ఈసారి కోత పండుగకు ఊరికి పోతాననీ, పోయేటప్పుడు తనకు కోటూ ప్యాంటూ బూట్లూ, వాటితోపాటు చుట్టూ అంచున్న టోపీ కావాలనీ అన్నాడు. మా ఊరు హచ్చొళ్ళికి అవతల. పంట ఇంటికి రాగానే తొలి గింజలూ గుమ్మడికాయలూ కోళ్ళూ గుడికి తెచ్చి అర్పించి, తర్వాత వాటిని వేలం వేసే పండుగ అది; మా పాత మిషన్ సంఘాల్లో క్రిస్మస్ తర్వాత అంత పెద్దది. అమ్మ గరిటె పట్టుకుని అట్లనే నిలబడిపోయింది.

"ఏంది, ఈ వయసులో మళ్ళీ పెండ్లికొడుకు కావల్లనా?"

నాయన నవ్వలేదు. బస్సు దిగి పెద్ద వీధిలోనే నడిచి గుడికి పోతాననీ, కాలువ గట్టున పోననీ చెప్పాడు. దాంతో అమ్మ కూడా నవ్వు ఆపింది.

ఆ వీధి సంగతి మా ఇంట్లో అందరికీ తెలుసు. దాని నడుమ ఒక పెద్ద ఇల్లు ఉంది. తాత కాలంలో మా వాళ్ళెవరైనా ఆ ఇంటి ముందు నుంచి పోవాలంటే తలకు చుట్టుకున్న రుమాలు విప్పి సంకలో పెట్టుకుని, ఇల్లు దాటిన తర్వాతే మళ్ళీ చుట్టుకోవాలి. తాత అలా విప్పుతుంటే నాయన చిన్నవాడిగా వెనక నడుస్తూ చూశాడు. పెద్దవాడయ్యాక ఆయన ఆ వీధి తొక్కలేదు. కాలం మారి అడిగేవాళ్ళు లేకపోయినా, ఊరికి పోయిన ప్రతిసారీ ఆయన కాళ్ళు వాటంతట అవే కాలువ గట్టుకు తిరిగేవి. అందువల్ల తలమీద ఏదో ఒకటి పెట్టుకుని ఆ వీధిలో నడవాలన్న కోరిక నాకు అర్థమైంది. అర్థం కానిది టోపీ. దానికి తాత చుట్టుకున్న రుమాలే చాలు కదా? అడిగితే నాయన చెప్పలేదు. కాలేజీ లైబ్రరీలో ఉద్యోగం చేసిన దాన్ని, నవలల్లో టోపీలు ఎన్నో చూశాను. మా నాయన తలలోకి ఒక టోపీ ఎలా వచ్చిందో మాత్రం ఏ పుస్తకమూ చెప్పేలా లేదు.

ముందు దర్జీ దగ్గరికి వెళ్ళాం. అక్కడ నాయన ఒక్కొక్క గుడ్డనూ బొటనవేలు తడిపి రుద్ది, రంగు అంటుతుందేమోనని వేలు వెలుతురులో పెట్టి చూసుకున్నాడు. రంగు దించడంలో ముదిరిన మనిషికి రంగు దిగని గుడ్డ కావాలి. దర్జీ విసుగెత్తి, ఇది మీ మనవలు కట్టినా పోయేది కాదు తగోండప్పా అన్నాక, ముదురు బూడిదరంగు గుడ్డ ఒకటి ఒప్పుకున్నాడు. కొలతలు ఇచ్చేటప్పుడు ఊపిరి బిగబట్టి సిపాయిలా నిలబడితే, గాలి వదలకుంటే కోటు గుండీలు తర్వాత పడవని దర్జీ బతిమాలవలసి వచ్చింది.

టోపీ అంత తేలికగా తెమలలేదు. బజారులో అడిగిన ప్రతిచోటా చలికాలపు కోతిటోపీ, నమాజు టోపీ, క్రికెట్ టోపీ, పసిపిల్లల కుచ్చుల టోపీ బయటికి వచ్చేవి. నాయన రెండు చేతులూ తలచుట్టూ తిప్పి "ఇట్ల అంచు ఉండల్లప్పా, చుట్టూ" అని చూపిస్తే, ఒక అంగడాయన చాలాసేపు ఆలోచించి లోపలినుంచి వెదురు గంప తెచ్చి ముందు పెట్టాడు. చివరికి అసలైన అంచు టోపీ నాటకాల డ్రెస్సులు అద్దెకిచ్చే అంగట్లో కనిపించింది. కిరీటాలకూ గదలకూ మధ్య మేకుకు వేలాడుతోంది. దొర వేషానికట. నాయన పెట్టుకుని అద్దంలో చూసుకున్నాడు. పౌడరు వాసన వేస్తోంది. ఆ అంగడాయన అమ్మనన్నాడు. "అద్దెకైతే తీసుకపోండి. దానికి మీసాలు ఫ్రీ" అన్నాడు. నాయన టోపీని జాగ్రత్తగా మేకుకు తగిలించి, నాది వేషం కాదప్పా అని చెప్పి మెట్లు దిగాడు. ఆ మాట అన్న తీరు చూసి నాకూ పట్టుదల వచ్చింది. బెంగళూరులో ఉన్న తమ్ముడికి ఫోన్ చేసి, తల చుట్టుకొలత చెప్పి తెప్పించాను.

టోపీ పెట్టుకుని నాయన మొదటిసారి టీ అంగడికి పోయిన రోజు ఆయన స్నేహితులకు పండుగే అయింది. మనవైపు టోపీ వేయడమంటే మోసం చేయడమే కదా, కన్నడంలోనూ అంతే. "ఏమప్పా, ఎవరేసినారు నీకు టోపీ?" అని ఒకాయన అరిచాడట. "ఇంకెవరు, నా కూతురే" అన్నాడట నాయన. ఆ తర్వాత కొన్నాళ్ళు నేను ఎదురుపడితే వాళ్ళు తల తడుముకుని నవ్వేవాళ్ళు.

అప్పుడే ఒక సంగతి గమనించాను. నాయన దారిలో టోపీ తీసేవాడు. మగవాళ్ళకు కాదు, స్నేహితులకూ కాదు, మా పాస్టరుగారికి కూడా కాదు. ఆడవాళ్ళకు, అందులోనూ నెత్తిమీద ఏదో ఒక బరువు మోస్తున్న వాళ్ళకు. తీసి, రెండు చేతులతో రొమ్ముకు ఆనించి పట్టుకుని నిలబడేవాడు. వాళ్ళలో చాలామంది అటూ ఇటూ చూసి వెళ్ళిపోయేవాళ్ళు.

ఒక ఉదయం కూరగాయలమ్మే ఆమె తట్ట ఎత్తుకుని మా వీధి మలుపు తిరిగింది. నాయన టోపీ తీసి పట్టుకున్నాడు. ఆమెకు ఆయన తెలిసిన మనిషే. సంచి మరిచి వచ్చినాడనుకుంది. తట్ట దించి, "సంచి తేలేదా అప్పా? పట్టుకో, దీంట్లోనే ఏస్తా" అని టోపీ నిండా వంకాయలు పోసి, పైన గుప్పెడు పచ్చిమిరపకాయలు కొసరు వేసి, డబ్బులు రేపియ్యి అని తట్ట ఎత్తుకుని వెళ్ళిపోయింది. నాయన అలాగే ఇంటికి వచ్చాడు. అమ్మా నేనూ కడుపు పట్టుకుని నవ్వాం. కాసేపటికి గానీ ఆయన నవ్వడం లేదని మాకు తెలియలేదు.

వంకాయలు కుమ్మరించి, టోపీ దులిపి గూట్లో పెట్టాడు. ఊరికి పోనన్నాడు. కళ్ళంలో కూలి గింజలకు తాత తువ్వాలు తీసి రెండు చేతులతో ఇలాగే పట్టేవాడట. "మా నాయన పట్టిన తువ్వాలు, నేను పట్టిన టోపీ, రెండూ ఒకటే అయిపాయ గదా పాపా" అన్నాడు. అంతవరకూ చెప్పని సంగతి అప్పుడు చెప్పాడు.

ఆయన పసివాడిగా ఉన్నప్పుడు, మిషన్ దొర ఒకాయన గుర్రం దిగి చేని గట్టున నడిచి వస్తున్నాడు. ఎదురుగా అవ్వ, నాయనను కన్నతల్లి, నెత్తిన పేడగంపతో, వెనక కొంగు పట్టుకున్న నాయనతో వస్తోంది. అలవాటు ప్రకారం ఆమె పక్కకు తొలగి నిలబడింది. దొర ఆగి, ఆమెను చూసి, టోపీ తీశాడు. అంతే. అవ్వ దాన్ని బతికినన్నాళ్ళూ చెప్పేదట: "ఆయన తలమీద టోపీ, నా తలమీద పేడగంప. ఆయన దించినాడు, నేను దించలేకపోతి." తలమీదిది తీయడమంటే అంతవరకూ నాయన చూసింది తాత రుమాలు ఒక్కటే. ఎవరూ బలవంతపెట్టకుండా, అదీ పేడగంప మోసే మనిషికోసం తీయవచ్చునని ఆయనకు ఆ రోజు తెలిసింది. ఆ టోపీ అరవై ఏళ్ళకు పైగా ఆయన లోపలే ఉండిపోయింది.

ఆ పూట అమ్మ వంకాయలు గుత్తిగా వండింది. వడ్డిస్తూ, ఆ యమ్మ అడుక్కునేవానికని ఏయలేదు, తెలిసినాయనకని ఏసింది, తిను అంది. తర్వాత ఖాళీ గంప నెత్తిన పెట్టుకుని వాకిట్లోకి వచ్చి, "ఏదీ, నాకు తీయి చూస్తాం. ఊర్లో వాళ్ళకందరికీ తీస్తివి, ఇంట్లోదానికి ఒక్కనాడన్నా తీస్తివా?" అని నిలబడింది. నాయన గూట్లోంచి టోపీ తెచ్చుకున్నాడు. రొమ్ము దగ్గర పట్టుకోవద్దనీ, అంచు పట్టి పైకి లేపి మళ్ళీ తలమీదే పెట్టుకోవాలనీ నేను చెప్పాను. నవలల్లో అలాగే చేస్తారు. ఆ దొర నిజంగా ఎంతసేపు పట్టుకున్నాడో ఎవరికి తెలుసు? కింది నుంచి చూసిన పసివాడికి చాలాసేపు అనిపించి ఉంటుంది. అమ్మ గంపతో వాకిట్లో అటూ ఇటూ నడిచింది, ఆయన లేపి పెట్టుకున్నాడు. చివరికి చేయి కుదిరింది.

కోత పండుగనాడు నాయనా నేనూ బస్సు దిగాం. కోటు, నిగనిగలాడే బూట్లు, టోపీ. పెద్ద వీధి మొదట్లో ఆయన ఒకసారి కాలువ వైపు చూశాడు. తర్వాత నడిచాడు. నేను ఒకడుగు వెనక నడిచాను. పెద్ద ఇంటి అరుగుమీద ఒక ముసలామె ఒంటరిగా కూర్చుని చేటలో బియ్యం ఏరుతోంది. ఆ ఇంటి పెద్దకోడలు. బూట్ల చప్పుడు ఆమె ముందర ఆగింది. నాయన చేయి టోపీ అంచు దాకా పోయింది. ఆ చేతిని ఎత్తుతున్నది తాత భయమా, దొర మర్యాదా అన్నది వెనకనుంచి చూస్తే తెలిసేది కాదు.

ఆయన టోపీ తీశాడు. వాకిట్లో నేర్చుకున్నది మరిచిపోయి చేతిలోనే పట్టుకున్నాడు.

ముసలామె కళ్ళు చికిలించి "యారప్పా?" అంది. నాయన తన తండ్రి పేరు చెప్పి, ఆయన కొడుకుననీ, కోత పండుగకు పోతున్నాననీ చెప్పాడు. ఆమె చేట పక్కన పెట్టింది.

"ఎండ ఎక్కువ ఉండాదప్పా. టోపీ పెట్టుకో."

నాయన పెట్టుకున్నాడు. ఆ వీధి చివరిదాకా ఆయన వెనక్కి చూడలేదు. గుడి గుమ్మం దగ్గర, మా మగవాళ్ళందరూ లోపలికి పోయేటప్పుడు తల ఖాళీ చేసుకున్నట్టే, టోపీ తీసి సంకలో పెట్టుకున్నాడు.

తిరుగు బస్సులో ఆగలేక అడిగాను. ఆమెకు ఎందుకు తీశావు నాయనా, అందరినీ వదిలి ఆ ఇంట్లోనా అని. కిటికీలోంచి వరి మళ్ళను చూస్తూ అన్నాడు. "ఆ ఇంటి ముందర తీసేది అందరూ చూసిందే. పెట్టుకోమన్నది మా నాయన ఇన్నాడా? ఆయప్పకు ఆ ఇంట్లో ఎవరన్నా పెట్టుకోమన్నారా?" ఆమెకు తాత పేరు వినపడిందో, వినపడినా గుర్తుందో, లేక ఎండలో ఉన్న ఒక ముసలాయనతో ఎవరైనా అనే మాటే అందో నాకు తెలియదు. నాయనకూ తెలియదు. తెలుసుకోవాలని ఆయనకు అనిపించినట్టు లేదు.

ఆ తర్వాత చాలా ఏళ్ళు బళ్ళారి వీధుల్లో ఆయన టోపీ పైకి లేస్తూ, మళ్ళీ తలకెక్కుతూ ఉండింది. వంకాయలామె కూడా తట్టమీద ఒక చేయి వేసి, ఇంకో చేతితో నుదురు ముట్టుకునేది.

పోయిన ఏడు నాయనను శవపెట్టెలో పడుకోబెట్టినప్పుడు కోటు తొడిగాం. టోపీ సంగతి వచ్చింది. తలకు పెట్టాలని తమ్ముడన్నాడు. దేవుని ముందరికి టోపీతో పోతారా అని మేనత్త అడ్డం చెప్పింది. అమ్మ ఇద్దరినీ ఊరుకోమంది. "చేతిలో పెట్టండి. ఎవరికి తీయల్లో ఆయనకు తెలుసు." అలాగే పెట్టాం.

మొన్న ఊరికి వెళ్ళాను. పెద్ద వీధికి సిమెంటు వేశారు. పెద్ద ఇంటికి తాళం ఉంది. మా వాళ్ళ పిల్లలు టోపీలు వెనక్కి తిప్పుకుని ఆ అరుగుమీదే కూర్చుని ఫోన్లు చూసుకుంటున్నారు. వాళ్ళ ముత్తాతలు ఎక్కడ రుమాలు విప్పేవాళ్ళో వాళ్ళకు తెలియదు. నాకు తెలుసు, నాయన నాకు చూపించాడు. ఆ చోటు వాళ్ళకు చూపించాలా, తెలియకుండా ఉండనివ్వాలా అని చాలాసేపు అక్కడే నిలబడ్డాను. తెలియకపోవడమే మేలనిపిస్తుంది ఒకసారి. తెలియకపోతే నాయన నడిచిన నడక ఎవరికీ లెక్కలేనిదవుతుందనిపిస్తుంది మరోసారి. నన్ను చూసి ఒక పిల్ల జరిగి చోటిచ్చింది. ఎండ బాగా ఉంది. నేను కొంగు తలమీదికి లాక్కుని ఆ అరుగుమీద కూర్చున్నాను.