పెద్దమ్మ పోడులో చిన్నాన్న

మొన్న మా మనవడు ఏదో ఫారం తెచ్చి, పితూరీ రోజుల్లో మన ఇంటివాళ్ళెవరైనా జైలుకు వెళ్ళారా అని అడిగాడు. పెదనాన్న వెళ్ళాడని రాయించాను గానీ, ఆయన్ని పట్టించింది మా నాన్న తమ్ముడు, చిన్నాన్నేనని చెప్పడానికి నోరు రాలేదు. ఆ మాట రాసే గడి ఆ కాగితంలో ఎటూ లేదు.

రాజవొమ్మంగి సంతకు ఒక పూట నడక దూరంలో, కొండ మీద పాతిక గడపల ఊరు మాది. నాకప్పుడు పదేళ్ళుంటాయేమో. కొండవాళ్ళు సర్కారు మీద తిరగబడిన ఆ రోజుల సంగతి మీరూ పెద్దల నోట వినే ఉంటారు. మా అమ్మ అక్కగారైన పెద్దమ్మ భర్త, అంటే పెదనాన్న, వాళ్ళలో కలిసి అడవి పట్టాడు. పోలీసులు వచ్చి మా గాదెలు తగలబెట్టి, నిండు చూలాలైన చిన్నాన్న భార్య, మా పిన్నిని ఠాణాకు తీసుకుపోయి, పెదనాన్న ఎక్కడున్నాడో చూపిస్తేనే వదులుతామని చిన్నాన్నతో అన్నారు. ఆయన రెండు రోజులు తిండి మానేసి గుమ్మంలో కూర్చుని, మూడో రోజు పొద్దున్నే వాళ్ళకు ముందు నడిచాడు. పిన్ని ఇల్లు చేరింది గానీ, ఠాణాలో తిన్న దెబ్బలకు కడుపులో బిడ్డ దక్కలేదు.

పితూరీ అణిగాక ఒక మధ్యాహ్నం పెద్దలు ఊరి మధ్య కూర్చున్నారు. వెళ్ళగొట్టాలని కొందరు, చెయ్యి నరకాలని కొందరు అంటుంటే, చిన్నాన్న తల వంచుకుని నిలబడ్డాడే తప్ప పిన్ని సంగతి ఎత్తలేదు. చివరికి పెద్దలు పెద్దమ్మనే అడిగారు.

“ఊరొగ్గి పోతే ఈడికి సుఖమే,” అంది పెద్దమ్మ. “నా పోడెవులు కొడతారు? నా పెనిమిటి వొచ్చీదాకా ఈడే కొట్టాల. రోజూ నా మొగం సూసి పనిలోకి దిగాల.”

అదే తీర్పయింది. నాలుగు పంటల కాలం చిన్నాన్న ముందుగా ఆవిడ కొండవాలులో చెట్లు నరికి, కాల్చి, సామలు జల్లి, కోసిన పంట ఆవిడ గుమ్మంలో పోసి, ఆ తరువాతే మా పోడుకు వచ్చేవాడు. ఆవిడ పలకరించేది కాదు. మధ్యాహ్నం అంబలి మాత్రం దొన్నెలో పోసి, బండ మీద పెట్టి పక్కకు తిరిగేది.

పెదనాన్న జైలు నుంచి ఎముకల గూడై తిరిగొచ్చిన రోజు, చిన్నాన్న వెళ్ళి దూరంగా నిలబడ్డాడు. పెదనాన్న అతన్ని చూసి, “నీ ఆడదాన్ని ఒగ్గీసినారేట్రా?” అని అడిగాడు.

“ఒగ్గీసినారు. గుంటడే దక్కనేదు.”

అంత మాట చిన్నాన్న నోట ఊరు వినడం అదే మొదలు. పెదనాన్న జరిగి పక్కన చోటిచ్చాడు. పెద్దమ్మ లేచి లోపలికి వెళ్ళిపోయింది. బతికినన్నాళ్ళూ ఆవిడ చిన్నాన్నతో మాట్లాడలేదు. పిన్నికి జబ్బు చేసినప్పుడు మాత్రం పక్కన కూర్చుని గంజి తాగించింది ఆవిడే.

ఇప్పుడు మా కొండకు రోడ్డు పడింది, బస్సు వస్తోంది. పడనివాళ్ళు ఏ పట్నమో వెళ్ళి, ఒకరి ముఖం ఒకరు చూడకుండా బతికేస్తున్నారు. అది సుఖమే, కాదనను. మాకప్పుడు పోవడానికి మరో చోటు లేక, ఒకే గెడ్డ నీళ్ళు తాగుతూ, కోపాన్ని కడుపులో పెట్టుకునే పక్కపక్కన పంట కోసుకున్నాం. పెద్దమ్మది క్షమ కాదని నాకు తెలుసు. దాన్ని ఏమనాలో ఈ వయసులోనూ తెలియడం లేదు, అడుగుదామంటే ఆనాటి వాళ్ళెవరూ మిగలలేదు.