తొలివాన పచ్చిక

ఆమెను అందరూ గడ్డి డాక్టరమ్మ అనేవారు. పశువుల మేత మీద పరిశోధన చేసి డాక్టరేటు తెచ్చుకుంది మరి. "మనుషులకు గడ్డి పెట్టేవాళ్లు ఇంటికొకరున్నారు. పశువులకు పెట్టేది మా చెల్లెలొక్కతే" అని వాళ్లన్నయ్య నలుగురిలో అని, తనే ముందు నవ్వేవాడు. పాడి తప్ప వేరే లోకం తెలియని మనిషి. ఆవుల్ని పేరు పేరునా పిలిచేవాడు, కట్టుకున్న భార్యను మాత్రం "ఇదిగో" అనేవాడు.

పరిశోధనా కేంద్రంలో ఆమెది చివరి గది. కిటికీ తీస్తే ప్రయోగపు మళ్లు. ఎవరైనా పెళ్లి మాటెత్తితే "ముందు నా గడ్డిని ఒకింటిదాన్ని చేయనివ్వండి" అనేది. రెండు జాతుల్ని కలిపి ఏళ్ల తరబడి పెంచిన గడ్డి అది. కోసిన కొద్దీ చిగురించేది, తిన్న ఆవు పాలు పెంచేది. విత్తనం రైతులకు విడుదల చేసేముందు ఒక రైతు పొలంలో వేసి చూడాలన్నప్పుడు అన్న తనంతట తానే ముందుకొచ్చాడు.

"నీ గడ్డి మా గొడ్లు తినకపోతే ఇంకెవరు తింటారే?"

రెండేళ్లు అంతా సవ్యంగానే సాగింది. మూడో ఏడు వాన మొహం చాటేసింది. కేంద్రంలోని బావి కూడా అడుగంటింది. పుట్టినప్పటినుంచి దాహమంటే ఎరగని ఆ మళ్లు మొదటిసారి ఎండి, మోడుబారాయి.

తర్వాత ఒక సాయంత్రం జల్లు పడింది. మూడు రోజులు తిరక్కుండానే నేలంతా చిగురు. ఆ పొద్దున ఆమె చెప్పులు చేత్తో పట్టుకుని గట్టు వెంట నడిచింది. పచ్చదనం కళ్లకు చల్లగా ఉంది. కానీ ఎందుకో మనసు కుదురుగా లేదు. ఇంత కరువు తర్వాత ఇంత తొందరగానా?

మడి చివర ఎవరిదో మేక పడి ఉంది. కంచె సందులోంచి దూరినట్టుంది. నోట్లో ఇంకా నమలని చిగురు. ఆమె వంగి పెదవి ఎత్తి చూసింది. చిగుళ్లు రక్తం పూసినంత ఎర్రగా ఉన్నాయి.

గదిలోకి వచ్చి ఆకు తుంచి గాజు గొట్టంలో వేసి, మందు చుక్కలు పోసి, పైన పసుపు కాగితం వేలాడదీసింది. ఆకులో విషం ఉంటే ఆ కాగితం రంగు మారుతుంది. మామూలుగా ఎంతసేపు కూర్చున్నా మారేది కాదు. ఆ రోజు ఆమె కుర్చీ లాక్కునేలోపే పసుపు విరిగిపోయి, ఇటుక రంగు తేలింది.

నీళ్లు తాగి పెరిగినంత కాలం సాధువుగా ఉన్న గడ్డి, ఎండకు మాడి లేచేసరికి ఒంటినిండా విషం నింపుకుంది. నీళ్లాపి మడిని ఎండబెట్టి చూడాలన్న ఆలోచన ఇన్నేళ్లలో తనకెందుకు రాలేదు?

కేంద్రం పెద్దసారు గదిలో రేపటి విడుదల సభకు కుర్చీల లెక్క నడుస్తోంది. విషయం చెప్పింది.

"ఒక మేక చచ్చిందని ఇంత హడావుడా? మళ్లీ చేసి చూడండి. సభ అయ్యాక మాట్లాడుకుందాం."

"సభ అయ్యాక విత్తనం అందరి చేతుల్లోకి వెళ్తుంది సార్."

"అందుకే చెప్తున్నా, నోరు జారకండి."

అప్పుడు గుర్తొచ్చాడు అన్న. అక్కడా అదే ఎండ, అదే వాన. వరండాలోకి పరుగెత్తి ఫోన్ చేసింది. వదిన ఎత్తింది.

"వదినా, అన్నయ్యేడీ?"

"ఇప్పుడే గొడ్లను పొలానికి తోలుకెళ్లారు. పచ్చిక లేచిందని పొద్దున్నుంచి ఒకటే సంబరం. ఫోన్ ఇక్కడే మరిచిపోయారు. ఏమైందమ్మా?"

"పరుగెత్తు వదినా. ఒక్కదాన్నీ మేయనివ్వద్దని చెప్పు!"

పశువుల ఆసుపత్రిలో విరుగుడు సూదులు తీసుకుని ఆమె జీపు తోలింది. దారి పొడవునా మంద అరుపుల కోసం చెవి ఒగ్గింది. ఏమీ వినపడలేదు.

పొలంలో కొన్ని ఆవులు అప్పటికే పక్కకు ఒరిగి ఉన్నాయి. కొన్ని ఊపిరందక మెడలు చాచి తూలుతున్నాయి. వదిన మిగిలినవాటిని కర్రతో బయటికి అదిలిస్తోంది. అన్న ఒకదాని తల ఒళ్లో పెట్టుకుని పేరు పెట్టి పిలుస్తున్నాడు. ఆమె మెడ నరం వెతికి సూది గుచ్చుతూ పోయింది. నాలుగు లేచాయి. తొమ్మిది లేవలేదు.

చివరికి అన్న అన్నాడు, "నువ్విచ్చిందే కదా అని చూసుకోలేదమ్మా."

తిట్టినా బాగుండేది.

మర్నాడు సభలో పెద్దసారు పొగడ్త పూర్తికాకముందే ఆమె లేచి జరిగింది చెప్పింది. విడుదల ఆగింది. మళ్లన్నీ దున్నించి, మొదళ్లు ఏరించి తగలబెట్టించింది. అన్న పొలంలో తనే నిలబడి తవ్వించింది. అతను గడప దిగి రాలేదు. వదిన మాత్రం మంచినీళ్ల చెంబు గట్టు మీద పెట్టి వెళ్లింది.

మరుసటి ఏడు తొలకరికి ఆమె బస్సులో వెళ్తోంది. కిటికీలోంచి రోడ్డు పక్క కాలువ గట్టు చూసి సీట్లోంచి లేచి నిలబడింది. ఆ ఆకు వంపు ఆమెకు కాక ఇంకెవరికి తెలుస్తుంది? గింజలు గాలికే వచ్చాయో, నీటికే వచ్చాయో. కనుచూపు మేర తన గడ్డే గుబుర్లు గుబుర్లుగా పచ్చగా ఊగుతోంది.

బస్సు ఆపించి దిగింది. చీర కుచ్చిళ్లు ఎగదోపి మొదటి దుబ్బు పెరికింది. ముందున్న మలుపు దగ్గర ఎవరిదో మంద గంటల చప్పుడు ఇటే వస్తోంది. ఆమె చేయెత్తి అరుస్తూ పరుగెత్తింది.